జర్సాబ్ పెట్టని టికా

ఉపరథి దుర్లభజంగ్ బస్నేత్ గారి ఛాతీ మీద పదకొండు పతకాలుండేవి. ఏది ఏ యుద్ధంలో వచ్చిందని ధూపీగఢీ బజారులో ఎవరూ అడిగేవారు కారు. ఆయన చూసిన యుద్ధాలన్నీ ఖాట్మండు సినిమాహాళ్ళలో చూసినవేనని టీకొట్టు దగ్గర చలి కాచుకునే ముసలివాళ్ళకి కూడా తెలుసు. అలాంటి మనిషి ముప్ఫై ఏళ్ళలో లెఫ్టినెంటు నుంచి ఉపరథి దాకా, అంటే మేజర్ జనరల్ దాకా, ఎలా ఎక్కాడని అడిగితే, ఎక్కలేదు, ఎత్తారు. ఎత్తేవాళ్ళ గుమ్మాలు ఎక్కడున్నాయో కనిపెట్టడమే ఆయన నేర్చిన యుద్ధవిద్య.

పెద్దవాళ్ళ ఇంటి ముందు పొద్దున్నే వెళ్ళి నిలబడటం ఖాట్మండులో తాతల నాటి ఆచారం. పని ఉండక్కర్లేదు, మాట్లాడక్కర్లేదు. దొరగారు బయటికి వచ్చినప్పుడు కళ్ళబడాలి, అంతే. దుర్లభజంగ్ పదహారేళ్ళు అలా కళ్ళబడ్డాడు. ఒక పెద్ద సేనాని గుమ్మంలో చలికాలం పొగమంచులో చేతులు కట్టుకుని నిలబడేవాడు. ఆ సేనాని గారి కుక్కకి జలుబు చేస్తే పశువుల డాక్టర్ని సర్కారు జీపులో ఎక్కించుకొచ్చాడు. కూతురి పెళ్ళిలో దగ్గరుండి విస్తళ్ళు ఎత్తించాడు. ఆ సేనాని తల్లి పోయినప్పుడైతే ఏకంగా గుండు గీయించుకుని తెల్లబట్టలు కట్టాడు. ఆ అవతారంతో ఇంటికి వెళ్తే, ఆయన సొంత తల్లి వంటింటి గడపలో నిలబడి, "నేనింకా చావలేదు కదరా, గుండెందుకు కొట్టించుకున్నావ్?" అని అడిగిందట. జుట్టు పూర్తిగా మొలిచేలోపల ఆయనకి మేజరు పదవి వచ్చింది.

ఈ విద్యలో ఆయన పనితనాన్ని మాత్రం ఒప్పుకోవాలి. ఎవరింట్లో ఎప్పుడు ఎవరు పోయారో ఆయనకి నోటికి వచ్చు. దసరాకి పైవాళ్ళు కిందివాళ్ళ నుదుట టికా పెట్టి, చెవి వెనక యవల మొలకలు దోపి దీవిస్తారు. పెరుగులో తడిపి ఎర్రరంగు కలిపిన బియ్యాన్ని నుదురు నిండా అంటిస్తారు. ఇంట్లో మనిషి పోయి ఏడాది తిరగని ఏటిసూతకం వాళ్ళు మాత్రం దాన్ని పెట్టించుకోకూడదు, వాళ్ళకి ఎవరూ పెట్టకూడదు. పెట్టిన చేతికే అరిష్టమంటారు. మైల ఉన్న పెద్దింటికి పొరపాటున మొలకలు పంపి, ఆ ఒక్క తప్పుతో పైకి రాకుండా ఉండిపోయిన అమాయకులు సైన్యంలో ఉన్నారు. దుర్లభజంగ్ పాతికేళ్ళలో ఒక్కసారి కూడా ఆ తప్పు చెయ్యలేదు. మైలలో ఉన్న మనిషి ఎదురుపడితే చాలు, ఆయన చెయ్యి దానంతటదే వెనక్కి వచ్చేది, గొంతు దానంతటదే మెత్తబడేది.

తరువాత కొండల్లో తుపాకులు పేలడం మొదలైంది. రాజు మీద తిరగబడినవాళ్ళు అడవుల్లోకి వెళ్ళారు, వాళ్ళని ఏరివెయ్యడానికి సైన్యం కొండలెక్కింది. దుర్లభజంగ్‌ని ధూపీగఢీ దండుకి అధిపతిగా పంపారు. ఒకసారి కొండ మీది చౌకీని అడవివాళ్ళు చుట్టుముట్టి ఇరవైమంది సిపాయి కుర్రాళ్ళని చంపుతుంటే, ఆయన ఇక్కడ బంకరులో రేడియో పట్టుకుని "నిలబడండి, నిలబడండి" అన్నాడు. మర్నాడు ఎండ బాగా వచ్చాక హెలికాప్టరులో వెళ్ళి, నిలబడ్డవాళ్ళెవరూ మిగల్లేదు గనక తనే నిలబడి ఫొటో తీయించుకున్నాడు. ఎనిమిదో పతకం దానికి వచ్చిందే. కట్టెలు కొట్టుకుంటున్న నలుగురిని కాల్పించి 'భీకరమైన ఎదురుకాల్పులు' అని పైకి రాసి పంపినందుకు తొమ్మిదోది వచ్చింది. ఇలాంటి వీరుణ్ణి ఆ బజారు జనం జర్సాబ్, జర్సాబ్ అని వంగి వంగి పిలవాల్సి వచ్చేది. జనరల్ దొరగారన్న మాట కొండవాళ్ళ నోట్లో అలా అరిగింది.

ఆ ఊరి హైస్కూల్లో లెక్కలు చెప్పే పదమ్ బోహరా చేసిన నేరం ఒక్కటే. పిల్లల్ని ఎండలోంచి తీసుకెళ్ళాడు.

జర్సాబ్ వస్తున్నారు, పిల్లలంతా బంతిపూల దండలు పట్టుకుని రోడ్డుకి రెండు పక్కలా నిలబడాలని బారక్సు నుంచి హుకుం వచ్చింది. పది గంటలకి నిలబెట్టారు. ఒంటిగంట దాటినా జర్సాబ్ జాడలేదు. ఇద్దరు ఆడపిల్లలు కళ్ళు తిరిగి పడిపోయారు. పదమ్ మాస్టారు దండలు అక్కడే పెట్టించి, పిల్లల్ని తరగతిలోకి తీసుకెళ్ళి నీళ్ళు తాగించి భిన్నాలు మొదలుపెట్టాడు. రెండు గంటలకి జీపులు వచ్చేసరికి రోడ్డు మీద రెండు మేకలు బంతిపూలు నములుతున్నాయి. ముందు జీపులోని సిపాయి ఒకడు నవ్వు ఆపుకోలేకపోయాడు. సైన్యాధిపతికి స్వాగతం చెప్పడానికి మేకలైనా మర్యాదగా ఉండిపోయాయని బజారంతా రెండు రోజులు చెప్పుకుంది.

ఎనిమిది రోజులు గడిచాక, దీపావళి పొద్దున్న, పదమ్ చొక్కా ఇస్త్రీ చేసుకుంటుంటే నలుగురు సిపాయిలు వచ్చారు. "రెండు ప్రశ్నలడిగి పంపించేస్తాం" అన్నారు. ఇస్త్రీ పెట్టెలో బొగ్గులు చల్లారకముందే వచ్చేస్తానని పెళ్ళానికి చెప్పి వెళ్ళాడు. మళ్ళీ రాలేదు.

ఆయన పెళ్ళాం మనరూప మర్నాటి నుంచి బారక్సు గేటు ముందు కూర్చోవడం మొదలుపెట్టింది. మొదటి రోజున ఏడ్చింది, రెండో రోజున బతిమాలింది, మూడో రోజు నుంచి ఊరికే కూర్చుంది. గేటు కాపలా హవల్దారు డంబర్ కూడా బోహరా ఇంటివాడే. వరసకి మరిది అవుతాడు. కొండ మీద బోహరాలు కానివాళ్ళు తక్కువ.

"వదినా, ఎండలో ఎందుకిలా? ఇంటికెళ్ళు."

"మీ అన్నని పంపించు, ఇద్దరం కలిసే వెళ్తాం."

"లోపల లేడని చెప్పానా లేదా?"

"లేకపోతే ఎక్కడున్నాడో మీ జర్సాబ్‌నే చెప్పమను."

"ఆయనతో నేను మాట్లాడతానా, వదినా? ఆయన బూట్లు ఎటు తిరిగితే అటు సెల్యూట్ కొడతాను. నా బతుకంతే."

"భలే బతుకు. పిల్లలకి చెప్పుకో, గొప్పగా ఉంటుంది."

డంబర్ మొహం తిప్పుకునేవాడు. జీపు రోజూ గేటు దాటేది. వెనక సీట్లోంచి దుర్లభజంగ్ ఆమెని చూసేవాడు. చూసి, గోడ మీద తడి మరకని చూసినట్టు చూపు జరిపేసేవాడు. పదహారేళ్ళు పరాయి గుమ్మాల్లో నిలబడ్డవాడికి తన గుమ్మంలో కూర్చున్న మనిషి బాధ తెలియాలి కదా అనుకునేది మనరూప మొదట్లో. తెలుసుకున్నదేమిటంటే, అలా నిలబడి పైకొచ్చినవాడికి గుమ్మంలో ఉన్నవాళ్ళని చూస్తేనే ఒళ్ళుమంట.

ఆరో నెలలో చివరికి ఒక ఉత్తరం వచ్చింది. జర్సాబ్ సంతకం, దండు ముద్ర, అన్నీ ఉన్నాయి. పదమ్ బోహరా విచారణ ముగిశాక విడుదలై, అడవివాళ్ళతో కలిసి, అక్కడి నుంచి సరిహద్దు దాటి పారిపోయాడనీ, ప్రస్తుతం లూధియానాలో వేరే స్త్రీతో కాపురం చేస్తున్నట్టు నమ్మకమైన సమాచారం ఉందనీ అందులో రాశారు. మనిషిని మాయం చేసింది చాలక, వాడికి రంకు కూడా అంటగట్టారు. పైగా బారక్సు క్యాంటీన్ వాళ్ళ ద్వారా ఆ కబురు బజారంతా పాకేలా చూశారు.

"పంజాబీ సవతి రొట్టెలు బాగా చేసి పెడుతోందేమోనే మనరూపా" అంది ఒకావిడ కుళాయి దగ్గర.

"నీ నోట్లో చక్కెర పొయ్య" అంది మనరూప. "మనిషి బతికుంటే చాలు, ఆ సవతి కాళ్ళు కడిగి నెత్తిన చల్లుకుంటాను."

బిందెలు నింపుకుంటున్న ఆడవాళ్ళు ఆ తరువాత ఆమెతో హాస్యాలాడలేదు.

బోహరాల పెద్ద హీరాసింగ్ ముసలాయన. ఆయన పురోహితుణ్ణి వెంటబెట్టుకుని ఒక రోజు ఇంటికొచ్చాడు. దర్భలతో పదమ్ బొమ్మ చేసి, దానికి నిప్పుపెట్టి, కర్మ చేయించెయ్యమన్నాడు. పిల్లల్లేరు గనక చెయ్యాల్సింది మనరూపే.

"బతికున్నవాడికి నిప్పు పెట్టమంటావా, మామయ్యా?"

"పోయినవాడైతేనో? నీళ్ళు వదిలేవాళ్ళు లేక ఆకలితో తిరుగుతుంటాడే తల్లీ."

"పోయాడని నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు."

"మరి? ఏది నిజమో తెలిసినవాడు ఒక్కడే ఉన్నాడు. వాడి నోటితో చెప్పనీ. బతికున్నాడంటే ఎదురుచూస్తాను. పోయాడంటే ఏ రోజున పోయాడో ఆ తిథి చెప్పనీ. కూర్చుని ఏడుస్తాను, కర్మ చేస్తాను, ఏటేటా పిండం పెడతాను. అంతకుమించి వాడి సొమ్మేమీ నాకొద్దు."

ముసలాయన లేచాడు. ఆ ఇంట్లో రోజూ పొద్దున్నే అద్దం ముందు నిలబడడమే మనరూపకి నరకంగా ఉండేది. పాపిట్లో సిందూరం దిద్దుకోవాలి. ఆయన పోయి ఉంటే దిద్దుకోవడం పాపం. బతికుంటే మానేయడం పాపం. పదకొండు నెలలుగా ప్రతి పొద్దూ ఆ ఎర్రపొడి డబ్బీ మూత తీసి, ఒక పాపాన్ని ఎంచుకుని బయటికి వచ్చేది.

మళ్ళీ దసరా వచ్చింది. ఈసారి దుర్లభజంగ్‌కి అది మామూలు దసరా కాదు. ఉపరథి పైన రథి. ఆ కుర్చీ ఒకటి ఖాట్మండులో ఖాళీ అవుతోంది. దానికి పేరు సిఫారసు చెయ్యాల్సిన రథిగారు ఒకాయన పండగ పూట ధూపీగఢీ దండుని చూడ్డానికి హెలికాప్టరులో దయచేస్తున్నారు. కొండప్రజలు సైన్యాన్ని కన్నతండ్రిలా చూసుకుంటున్నారని ఆయనకి చూపించాలి. అందుకని ఇంటికొకరు చొప్పున బారక్సు పెరట్లోకి వచ్చి జర్సాబ్ చేతి మీదుగా టికా పెట్టించుకోవాలని దండోరా వేయించారు. ప్రేమగా రమ్మన్నారు, రాని ఇళ్ళ పేర్లు రాసుకుంటామని కూడా అన్నారు.

"నువ్వు రాకు తల్లీ" అన్నాడు హీరాసింగ్. "నీ ఇంటి తరఫున నేను వెళ్ళి నిలబడతాను."

"పదకొండు నెలలు కూర్చున్నా గేటు తెరవలేదు. ఇవాళ వాళ్ళే తెరుస్తున్నారు. వెళ్ళకపోతే ఎలా?" అంది మనరూప. ఎర్రచీర కట్టింది, ఎర్రగాజులు వేసుకుంది, సిందూరం దిద్దింది. లూధియానాలో మొగుడున్న ఇల్లాలు ఎలా ఉండాలో అలాగే బయల్దేరింది. ఎదురుగా నిలబడి ఒక్కసారి అడగాలి. మళ్ళీ అబద్ధమే చెప్తాడు, చెప్పనీ. మొహం మీద చెప్పనీ.

తరువాతి సంగతి ఒకటి ఇక్కడే చెప్పేస్తే పోతుంది. దుర్లభజంగ్‌కి రథి పదవి వచ్చింది. రెండు నెలల్లో వచ్చింది. ధర్మం గెలుస్తుందనే ఆశతో ఈ కథ వింటున్నవాళ్ళు ఆ ఆశని ఇక్కడ దించుకోవచ్చు. ఆయన ఖాట్మండులో పెద్ద బంగళాలో దిగాడు, పన్నెండో పతకం పెట్టుకున్నాడు, తెల్లారేసరికి ఆయన గుమ్మంలో చేతులు కట్టుకున్న మేజర్లు వరసగా నిలబడేవారు. అయితే ఆ దసరా నాడు ధూపీగఢీ బారక్సు పెరట్లో ఏం జరిగిందో ఆ మేజర్లందరికీ తెలుసు. చేతులు కట్టుకునే ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకునేవారు.

ఆ రోజు రేడియోలో చెప్పిన ముహూర్తం పదకొండూ యాభైకి. పెరట్లో జంపఖానా పరిచి, తూర్పుమొహంగా రెండు కుర్చీలు వేశారు. ఒక దాంట్లో రథిగారు, నిద్ర చాలని మొహంతో. రెండోదాంట్లో దుర్లభజంగ్, పతకాలన్నీ తగిలించుకుని. పక్కన హవల్దారు డంబర్ ఎర్రబియ్యం పళ్ళెం పట్టుకుని నిలబడ్డాడు. అధికారులకీ, సిపాయిలకీ మొదట టికాలైపోయాయి, డంబర్‌కి కూడా. ఆ మూల పొయ్యిల మీద మేకమాంసం ఉడుకుతోంది. బజారు జనం వరస కట్టారు. ఆ వరసంతా అయ్యాక రథిగారి చేత్తో తనూ టికా పెట్టించుకుని, కాళ్ళకి మొక్కి, రథి కుర్చీ సంగతి చెవిలో వెయ్యాలని దుర్లభజంగ్ లెక్క. ఆ ఘడియ దాటకుండా ఉండాలని మాటిమాటికీ గడియారం చూసుకుంటున్నాడు.

హీరాసింగ్ వంతు అయింది. తరువాత మరో ముగ్గురు. తరువాత మనరూప వచ్చి మోకాళ్ళ మీద కూర్చుని నుదురెత్తింది.

దుర్లభజంగ్ మూడువేళ్ళతో బియ్యం తీశాడు. చెయ్యి సగం దూరం వచ్చింది. అప్పుడు మొహం చూశాడు. చెయ్యి ఆగింది. పాతికేళ్ళ అలవాటు ఆయన్ని అడగకుండానే పని చేసింది. చెయ్యి పళ్ళెంలోకి వెనక్కి వెళ్ళింది, గొంతు మెత్తబడింది. పెద్దింటి చావులప్పుడు వాడే గొంతు.

"నీకు పెట్టకూడదమ్మా" అన్నాడు. "ఇంకా ఏడాది తిరగలేదు కదా."

అన్నాక గానీ ఏమన్నాడో ఆయనకి తెలియలేదు. వరసలో దగ్గుతున్న మనిషి దగ్గు ఆపుకున్నాడు.

"ఎవరు పోయి, హుజూర్?" అంది మనరూప.

"ఆఁ?"

"ఏడాది తిరగలేదన్నారు. మా ఇంట్లో ఎవరు పోయి ఏడాది తిరగలేదు?"

"మీ... మీ మామగారు కదూ..."

"మామగారు పోయి తొమ్మిదేళ్ళు. అత్తగారు అంతకుముందే పోయింది. ఆ ఇంట్లో మేమిద్దరమే. నేనిదుగో, మీ ముందే కూర్చున్నాను."

"ఎవరో చెప్పారులే. పొరపాటు." నవ్వబోయాడు. మీసం కదిలింది, నవ్వు రాలేదు.

"ఎవరో కాదు, తమరే రాసిచ్చారు. మా ఆయన లూధియానాలో ఉన్నాడని, సంతకం పెట్టి."

"అవునవును. అక్కడే ఉన్నాడు. నిక్షేపంగా ఉన్నాడు."

"అయితే పెట్టండి, హుజూర్."

మనరూప నుదురు ఇంకాస్త ముందుకి చాపింది. కళ్ళు మూసుకోలేదు. దుర్లభజంగ్ మళ్ళీ బియ్యం తీశాడు. నోటితో ఎన్ని అబద్ధాలైనా ఆడగలడు, కాగితం మీద ఇంకా బాగా ఆడగలడు. కానీ తను చంపించినవాడి పెళ్ళాం నుదుటి మీద, విజయదశమి నాడు, సరిగ్గా ముహూర్తానికి, సొంత చేత్తో ఎర్రటికా పెట్టడం ఆ మహావీరుడి వల్ల కాలేదు. ఆ అరిష్టం తన కుర్చీకి చుట్టుకుంటుందని భయం. వేళ్ళలోంచి బియ్యం ఆమె ఒళ్ళో రాలింది. మళ్ళీ తీశాడు, మళ్ళీ రాలింది. కట్టెలు కొట్టుకునేవాళ్ళని చంపించినప్పుడు తడబడని చెయ్యి అది.

మనరూప పదకొండు నెలలుగా పట్టుకుని వేలాడుతున్నది తెగిపోయింది. లూధియానా లేదు, సవతి లేదు, రొట్టెలు లేవు. ఎంత హీనమైన అబద్ధమైనా దాంట్లో మనిషి బతికి ఉండేవాడు. ఇప్పుడు లేడు. ఆమె ఒక్క అరుపు అరిచింది. ఆ అరుపుకి పొయ్యిల దగ్గరి వంటవాళ్ళు కూడా తిరిగి చూశారు. తరువాత రెండు చేతులూ నేలకేసి కొట్టింది. గాజులన్నీ చిట్లిపోయాయి. చీరకొంగుతో పాపిట్లో సిందూరం తుడిచేసి, జుట్టు ముడి విప్పేసి, జర్సాబ్ కుర్చీ ముందు జంపఖానా మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"పాత చావైనా విన్నప్పటి నుంచే మైల" అంది. "ఇప్పుడే విన్నాను. నేను మైలలో ఉన్నాను. ఏ రోజున పోయాడో చెప్పండి. తిథి చెప్తే లేచి వెళ్తాను."

"లాగెయ్యండి దీన్ని!" అని అరిచాడు దుర్లభజంగ్.

పెరట్లో మూడువందల మంది సిపాయిలున్నారు. ఒక్కడూ కదల్లేదు. మైలలో కూర్చున్న మనిషిని ముట్టుకుంటే ముట్టుకున్నవాడికీ మైలే. ఆ రోజుకి వాడికి టికా చెల్లదు, పండగ లేదు, ఏడాదంతా ఎదురుచూసిన మేకమాంసం లేదు. అంత పట్టింపు లేనివాళ్ళు కూడా వాళ్ళలో కొందరుండాలి. ఆ పూటకి వాళ్ళూ పట్టింపు తెచ్చుకున్నారు.

"చెవుడా మీకు? లాగండి!"

"మైల, హుజూర్" అన్నాడొక సుబేదారు, బూట్లవైపు చూస్తూ.

"మైలేంటి? ఎవడూ పోలేదు! ఎవడు పోయాడన్నాడు?"

"తమరే అన్నారు, హుజూర్."

రథిగారు అప్పటికి నిద్రమొహం విదిలించుకున్నాడు. ఆయన కూడా గుమ్మాల దారినే పైకొచ్చిన మనిషి. ఒక మాస్టారు పోవడం ఆయనకి పెద్ద విషయంగా తోచలేదు. తన ముందు మాంసం చల్లారిపోవడం, ముహూర్తం జారిపోవడం తోచాయి.

"ఏమయ్యా బస్నేత్, ఘడియ దాటిపోతోంది" అన్నాడు విసుగ్గా. "ఆ తిథేదో దాని మొహాన పారేసి పంపించక, ఏమిటీ నాటకం?"

దుర్లభజంగ్ ఆయనవైపు చూశాడు, గడియారంవైపు చూశాడు. ముప్ఫై ఏళ్ళుగా పైవాడు ఏం చెప్తే అదే చేసిన మనిషి. ఇప్పుడూ అదే చేశాడు.

"కార్తీక శుద్ధ విదియ" అన్నాడు, మీసంలోపల.

"వినబడలేదు, హుజూర్."

"విదియ! కార్తీక శుద్ధ విదియ! అయిందా? ఇక లే!"

దీపావళి నాడు తీసుకెళ్ళారు. విదియ అంటే రెండో రోజు. అక్కచెల్లెళ్ళు అన్నదమ్ములని కూర్చోబెట్టి, బొట్టుపెట్టి, అన్నం వడ్డించే రోజు. మనరూప ఆ తిథిని పెదవులతో ఒకసారి, రెండుసార్లు అనుకుంది, దారిలో పారేసుకోకుండా. ఏడాది నిండడానికి ఇంకా ఇరవైరెండు రోజులున్నాయి. పదమూడు రోజుల కర్మ అయ్యాక కూడా సంవత్సరీకానికి వ్యవధి ఉంది. ఆయన్ని ఆకలితో ఉంచక్కర్లేదు.

ఆమె లేవబోతుంటే వెనక చిన్న కదలిక వినబడింది. టికా పెట్టించుకుని పక్కకి వెళ్ళి నిలబడ్డ హీరాసింగ్ ముసలాయన శాలువా చెంగు చేతిలోకి తీసుకున్నాడు. నుదుటి మీది ఎర్రబియ్యాన్ని మెల్లగా, మొత్తం, ఒక్క గింజ మిగలకుండా తుడిచేశాడు. చెవి వెనక మొలకలు తీసి నేలమీద పెట్టాడు. ఇంటి మగాడు పోయాడని విన్నాక బోహరా పుటక పుట్టినవాడెవడూ టికాతో నిలబడకూడదు. ఆయన పక్కనున్న పొగాకు కొట్టువాడు బోహరా. వాడూ తుడుచుకున్నాడు. తపాలా బంట్రోతు తుడుచుకున్నాడు. కుళాయి దగ్గర పంజాబీ సవతి అన్నావిడ బోహరాల కోడలే, ఆవిడ ఏడుస్తూ తుడుచుకుంది. తరువాత సిపాయిల వరసలో ఒకడు టోపీ తీశాడు. వాడి వెనక ఇంకొకడు. చొక్కా చేతుల మీద ఎర్రటి మరకలు పడ్డాయి.

దుర్లభజంగ్ కుర్చీలో సగం లేచాడు. "ఏయ్! ఏం చేస్తున్నార్రా? నేను పెట్టిన టికా అది!"

పక్కన డంబర్ వంగి పళ్ళేన్ని నేల మీద పెట్టాడు. నిటారుగా నిలబడి, అరచేత్తో నుదురు తుడుచుకున్నాడు, ఒకసారి కాదు, చర్మం ఎర్రబడేదాకా.

"డంబర్! పళ్ళెం తియ్యి. రథిగారికి అందించాలి."

"ముట్టుకోకూడదు, హుజూర్" అన్నాడు డంబర్. అతని చూపు బూట్ల మీద లేదు, మొహం మీదే ఉంది. "పోయింది మా అన్న."

మనరూప పగిలిన గాజుముక్కల్ని కొంగులో ఏరుకుని లేచింది. గేటు తెరిచే ఉంది. ఆమె వెనకే బోహరాలు, యూనిఫారంలో ఉన్నవాళ్ళూ లేనివాళ్ళూ, ఒక్కొక్కరే బయటికి నడిచారు. ఏటికి వెళ్ళి ముందు స్నానాలు చెయ్యాలి.